తూము మూసిన ఇరవై తొమ్మిది రోజులు

పంపు గది, కుంటల గట్టు
ఫిబ్రవరి 3

మురుగు సామ్రాజ్యాన్ని ఇరవై నాలుగేళ్లు ఏకచ్ఛత్రంగా ఏలిన పెద్దమ్మ సముఖానికి,

నీ చెల్లెలి కొడుకు, చరిత్రలో పట్టా పుచ్చుకున్నవాడు, తాత్కాలిక కుంటల కాపరి, ముక్కు మూసుకుని చేసుకుంటున్న విన్నపం. రాజులు ఎందుకు ఓడిపోయారో అడిగితే పది మార్కులకు సరిపడా చెప్పగలను. పంపు ఎందుకు ఆగిపోయిందో మాత్రం నిన్న ఉదయం మూడు గంటలు తల గోక్కున్నా తెలియలేదు. చివరికి అమ్మ వచ్చి స్విచ్చి వేసింది.

నువ్వు పెద్ద కేంద్రంలో కొత్త కాపరులకు పాఠం చెప్పడానికి బస్సెక్కేముందు ఒకటే మాట అన్నావు: ఏం జరిగినా కాగితం మీద రాయి, నోటితో చెబితే సగం నవ్వించి సగం దాస్తావు, రాసేటప్పుడైతే అబద్ధం దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది అని. ఇంతవరకు నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆగేంత పని ఇంకా చెయ్యలేదు.

నీ రాజ్యం యథాతథంగా ఉంది. మూడొందల ఇళ్ల మురుగు పెద్ద లైనులోంచి వచ్చి ఇనప జాలికి కొట్టుకుంటుంది. అక్కడ అడ్డం పడ్డవాటిని నేను ఇనప పళ్లున్న కర్రతో లాగుతాను. ఈ వారం రాబడి: బొమ్మ కాలు ఒకటి, దువ్వెనలు రెండు, కట్టుడు పళ్ల సెట్టు ఒకటి. పళ్లు కడిగి కిటికీలో పెట్టాను. ఎవరూ వచ్చి అడగడం లేదు. ఎవరివో భోజనాల దగ్గర తెలిసిపోతుందిలే అంటోంది అమ్మ. జాలి దాటిన నీళ్లు మొదటి కుంటలో గాలి మోటారు కింద కుతకుతలాడి, రెండో కుంటలో తేరుకుని, రెల్లు మడిలోంచి వడగట్టుకుని, తూము గది అనే చిన్న తొట్టిలో కాసేపు ఆగి, తూము దాటి వాగులో పడుతున్నాయి. దిగువన కూరగాయల తోటావిడ ఆ నీళ్లే మళ్లకు పెట్టుకుంటోంది. తోట దాకా వెళ్లి చూసి వచ్చాను. నన్ను చూసి, "ఆవిడ లేదా" అంది. లేదన్నాను. "సరేలే" అంది. అంత తేలిగ్గా నన్ను ఇంటర్వ్యూల్లో కూడా ఎవరూ తీసిపారెయ్యలేదు.

అసలు సంగతి. పరీక్ష చేసే అధికారిణి మార్చి 26న వస్తుందని కాగితం వచ్చింది. తూము దగ్గర నీళ్లు నెగ్గితే ఇంకో అయిదేళ్లకు అనుమతి. ఓడితే కుంటలు పూడ్చేసి, మురుగంతా ట్యాంకర్లలో పట్నం మోస్తారట. ట్యాంకరు వచ్చేదాకా ఎవరి మురుగు వాళ్ల పెరట్లోనే. నీ ఇరవై నాలుగేళ్ల పని నా ఇరవై మూడేళ్ల నెత్తి మీద కూర్చుంది. బరువుగానే ఉంది. మోస్తాను.

తాత్కాలికుడు


పెద్ద కేంద్రం హాస్టలు, పద్నాలుగో గది
ఫిబ్రవరి 9

ఒరేయ్ పండితుడా,

నీ ఉత్తరం ఇక్కడ నా దగ్గర పాఠం నేర్చుకునే పన్నెండు మందికీ చదివి వినిపించాను. స్విచ్చి దగ్గర అందరూ పడి పడి నవ్వారు. పరువు నీదే కాబట్టి నాకేం నష్టం లేదు.

ముక్కు మూసుకోకు. ఆ ముక్కే నీ పరికరం. మొదటి కుంట దగ్గర వాన పడ్డ మట్టి వాసన రావాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఏదో చచ్చిందని అర్థం. నురగ టీ రంగులో ఉంటే నిద్రపో, తెల్లగా ఉంటే లేచి కూర్చో. రోజూ ఉదయం గాజు జాడీలో మొదటి కుంట నీళ్లు ముంచి అరగంట కదపకుండా పెట్టు. బురద కిందికి దిగి పైన నీళ్లు తేటగా నిలవాలి. ఎంత దిగిందో గోడ మీద గీత పెట్టు.

ఒకటి గుర్తుపెట్టుకో. నువ్వు కాసేది నీళ్లను కాదు, జీవాలను. గొర్రెలకాపరికి కనపడతాయి, నీకు కనపడవు, అంతే తేడా. మురుగు తినేది అవే. గాలి అందాలి, తిండి అందాలి, వాటి జోలికి ఎవరూ పోకూడదు. నీళ్లు అందంగా కనపడాలని తాపత్రయపడకు. పని జరగాలి.

తోటావిడ "సరేలే" అందంటే చాలా మాట్లాడినట్టు.

పెద్దమ్మ


పంపు గది
మార్చి 2

జీవకోటి కాపరికి ఉపకాపరి నమస్సులు.

నీ శిష్యులు నవ్వితే నవ్వనీ. ఈ ఉత్తరం కూడా చదివి వినిపించు, ఈసారి చప్పట్లు కొడతారు. గోడ మీద గీతలు వరసగా ఇరవై ఒకటి, ఒక్కటీ కట్టు తప్పలేదు. వాసన నువ్వు చెప్పిందే. నురగ టీ, అదీ మన ఇంట్లో పెట్టే టీ కన్నా చిక్కగా.

నిన్న ఆదివారం బడి ఆవరణలో ఊరందరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. పంచాయతీ అధ్యక్షురాలు పది నిమిషాలే ఇస్తానంది, నలభై తీసుకున్నాను. పరీక్ష గురించి, అనుమతి గురించి, ట్యాంకర్ల గురించి చెప్పాను. ట్యాంకరు అన్నప్పుడు ముందు వరసలో ఒకాయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు, ఇంకా రాకముందే. చివర్లో గొంతు కాస్త వణికించి, ఊరి పరువు మన అందరి చేతుల్లో ఉంది, ఆవిడ వచ్చేసరికి మన మురుగు చూసి మనమే గర్వపడాలి, తలో చెయ్యి వెయ్యండి అన్నాను. మా కాలేజీలో మూడేళ్లు వక్తృత్వ పోటీల్లో ప్రోత్సాహక బహుమతితో సరిపెట్టారు, నిన్న ఉండుంటే వాళ్ల కళ్లు తెరుచుకునేవి.

ఊరు కదిలిపోయింది పెద్దమ్మా. మన పైపుల బాబాయి, నాన్నకు తమ్ముడై పుట్టినందుకు ఊరంతటికీ కుళాయిలు బాగుచేసే శిక్ష అనుభవిస్తున్న మనిషి, లేచి నా భుజం తట్టి, "మిగతాది మాకు వదిలెయ్ రా" అన్నాడు. వచ్చే ఆదివారం ఊరంతా కలిసి ఏదో చేస్తారట. ఏమిటో చెప్పడం లేదు, మొహాలు మాత్రం వెలిగిపోతున్నాయి.

విజయోత్సవాలకు సిద్ధంగా ఉన్న
ఉపకాపరి


హాస్టలు
మార్చి 6

ఒరేయ్,

ఇది చదవగానే చెప్పులేసుకో. ఆ మీటింగులో జనానికి ఏం చెయ్యమన్నావు, ఏం చెయ్యొద్దన్నావు? నువ్వు రాసిందాంట్లో గర్వం ఉంది, పరువు ఉంది, వణుకు ఉంది. చెయ్యొద్దనే మాట ఎక్కడా లేదు. మన ఊరివాళ్లు చుట్టం వస్తుందంటే ఏం చేస్తారో నాకు తెలుసు. వాళ్లు ఏం చేసినా చేతిలో సీసా ఉంటుంది.

ఫోను చేద్దామని ఆఫీసుకు పోయాను. మీ వైపు లైను పడిపోయిందట, సోమవారం దాకా రాదట. ఈ ఉత్తరం ఆదివారం లోపు చేరితే ఇంటింటికీ వెళ్లి ఆపు. చేరకపోతే జాడీ చూసి నిజం రాయి.

పెద్దమ్మ


పంపు గది
మార్చి 10

పెద్దమ్మకు నమస్కారం.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. ఊరి పనులు సజావుగా జరుగుతున్నాయి. ఎండలు మొదలయ్యాయి. అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. పని ఒత్తిడి వల్ల ఎక్కువ రాయలేకపోతున్నాను.

ఇట్లు


హాస్టలు
మార్చి 12

రెండుసార్లు చదివాను. ఒక్క హాస్యం లేదు. 'క్షేమంగా ఉన్నావని తలుస్తాను' ఏమిట్రా, నేను నీకు బ్యాంకు మేనేజర్నా? నీకు జ్వరం నూటమూడు వచ్చినప్పుడు కూడా డాక్టరును నవ్వించినవాడివి.

ఏం చచ్చింది? మనుషులైతే ఈపాటికి తెలిసేది. జీవాలా?

పెద్దమ్మ


పంపు గది
మార్చి 14

పెద్దమ్మా,

జీవాలే.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. బాబాయి తన పైపుల బండి మీద తెస్తున్నాడు. జవాబు ఇచ్చేదాకా గేటు దగ్గరే కూర్చుంటానన్నాడు. ఆయన్ని ఏమీ అనకు. ఎందుకు అనాలనిపిస్తుందో చదివితే తెలుస్తుంది.

ఆదివారం పొద్దున ఊరంతా కడిగింది. ఇళ్లు కాదు, పైపుల్ని. అధికారిణి చూసేది మన మురుగు కాబట్టి మురుగే శుభ్రంగా ఉండాలని లెక్క వేసుకున్నారు. ప్రతి ఇంట్లోనూ ఫినాయిలు సీసాలు, దొడ్లు కడిగే ఆసిడు సీసాలు బోర్లించారు. పంతులమ్మ పిల్లల చేత బడి మరుగుదొడ్లన్నిట్లో బకెట్లకొద్దీ బ్లీచింగ్ పోయించింది. బాబాయి పెద్ద లైను మూత తీసి డ్రమ్ముడు బ్లీచింగ్ నీళ్లు స్వయంగా కుమ్మరించాడు. పైపు లోపలంతా అద్దంలా ఉండాలని. నాకు ముందే చెబితే ఏం బాగుంటుంది, చూసి ఆశ్చర్యపోవాలి కదా.

ఆశ్చర్యపోయాను. నిజం రాస్తున్నాను: ముందు సంతోషపడ్డాను. జాలి దగ్గర ఆస్పత్రి వాసన వస్తుంటే, నా ఉపన్యాసం ఎంత పనిచేసిందో అనుకున్నాను.

సోమవారం జాడీలో బురద దిగలేదు. అరగంట, గంట, రెండు గంటలు. బియ్యం కడిగిన నీళ్లలా ఉండిపోయింది. నీ ఉత్తరం అప్పుడే వచ్చింది. మంగళవారానికి నురగ తెల్లగా లేచి గట్టు మీదికి వచ్చింది, దాని వెనకే నువ్వు చెప్పిన గుడ్డు వాసన. ఆ సాయంత్రం తూము మూసి, వానాకాలం కోసం నువ్వు తవ్వించిన ఖాళీ గుంటలోకి నీళ్లు మళ్లించాను. అంటే రెండు రోజులు చచ్చిన నీళ్లు వాగులోకి పోయాయి. తోటావిడ రెండు మళ్లలో నారు పసుపెక్కిందట. వచ్చి అడిగింది. చూస్తానని చెప్పి పంపాను. పదో తేదీన నీకు ఆ ఉత్తరం రాసింది ఆవిడ వెళ్లిన అరగంటకే. నా చెయ్యి ఆగింది పెద్దమ్మా. ఆగి, ఆ తర్వాత ఎండల గురించి రాసింది.

ఖాళీ గుంట మామూలుగా అయితే పదిహేను రోజుల్లో నిండుతుంది. పరీక్షకు పన్నెండు రోజులుంది. నిన్న అధ్యక్షురాలు పంపు గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసి ఒక ఉపాయం చెప్పింది.

"పరీక్ష రోజు పొద్దున్నే తూము గదిలో బోరు నీళ్లు నింపు. ఆవిడ సీసా ముంచుకుని పోతుంది. ఊరి పరువు మన చేతుల్లో ఉందన్నది నువ్వే కదా."

కాదనలేదు, అవుననలేదు. ఆవిడ వెళ్లాక బోరు గొట్టం తూము గది దాకా అందుతుందా అని కొలిచి చూశాను. అందుతుంది. ఇంకా నాలుగడుగులు మిగులుతుంది కూడా.

ఏం చెయ్యను?


హాస్టలు, గేటు దగ్గర బల్ల
మార్చి 14, మధ్యాహ్నం

నాన్నా,

మీ బాబాయి నా ఎదురుగా కూర్చుని మూడో గ్లాసు నీళ్లు తాగుతున్నాడు. నేనేమీ అనలేదు. ఏడుస్తున్న మనిషిని ఏమంటాం.

నేను ఈ పనిలో రెండో ఏట ఉన్నప్పుడు గాలి మోటారు కాలిపోయింది. పరీక్షకు వారం. నేను తూము గదిలో బోరు నీళ్లు నింపాను. గొట్టం నువ్వు కొలిచావు, నేను కొలవను కూడా లేదు, బిందెలతో మోశాను. నెగ్గాం. నాకు శాలువా కప్పారు. కొత్త మోటారు వచ్చేదాకా మూడు వారాలు మురికి నీళ్లు వాగులోకి వదిలాను. ఆ ఏడే తోటావిడ కొత్తగా తోట మొదలుపెట్టింది. నారంతా పోయింది. వచ్చి, నీళ్లలో ఏమైనా ఉందా అక్కా అని అడిగింది. విత్తనాల తప్పు అయ్యుంటుంది అన్నాను. పాపం ఆవిడ విత్తనాలు మార్చింది. ఇరవై రెండేళ్లుగా ఆవిడ దగ్గర బేరమాడకుండా కూరలు కొంటున్నాను. అదేదో మంచితనం అనుకుంటారు ఊళ్లో.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకు కూడా.

ఇప్పుడు పని. మీ బాబాయి బండిలో పదకొండు డ్రమ్ములు పెట్టిస్తున్నాను. మా మొదటి కుంటలోని బురద, జీవాలతో సహా. పాలకు తోడు పెట్టినట్టే. చచ్చిన కుంట దానంతట అది లేవాలంటే రెండు మూడు నెలలు, తోడు పెడితే మూడు నాలుగు వారాలు. దారిలో మూతలు బిగించకూడదు, అరగంటకోసారి కర్రతో కలపాలి, గాలి లేకపోతే ఇంటికి చేరేసరికి చస్తాయి. కుంటలో పొయ్యగానే గాలి మోటారు ఆపకుండా నడుపు. మొదటి వారం మురుగు కొంచెం కొంచెంగా వదులు, మిగతాదంతా ఖాళీ గుంటకే.

ఈ రోజే అధికారిణికి నిజం రాయి. రూలు పుస్తకం వెనక అట్టకు ముందు పేజీ చూడు, ఎవరూ అక్కడిదాకా చదవరు. కాపరి తనంతట తాను చెబితే పరీక్ష నలభై రోజులు వాయిదా. ఆవిడ పరీక్ష చేసి ఫలితం ఇచ్చేదాకా తూము తెరవకూడదు, ఖాళీ గుంట పొర్లకూడదు. పొర్లితే అదే రోజు అనుమతి పోతుంది. నువ్వు రాసిన కాగితం నీ పేరు మీద ఎప్పటికీ ఉంటుంది. తాత్కాలికుడివి, తీసేస్తే తీసేస్తారు. అది తెలిసే రాయి.

పదిహేను రోజుల గుంటను నెల చెయ్యాలంటే ఊరు సగం నీళ్లు వాడాలి. చెప్పాల్సింది నువ్వే. తోటావిడకు కూడా. నీ రెండు రోజులు నువ్వు చెప్పు. నా మూడు వారాలు నేను చెప్పుకుంటాను.

పెద్దమ్మ


పంపు గది
మార్చి 17

పెద్దమ్మా,

బాబాయి ప్రయాణం చరిత్రలో నమోదు కావాల్సింది. ఆయన నడిపితే కలిపేవాళ్లు లేరు, కలిపితే నడిపేవాళ్లు లేరు. అందుకని అరగంటకోసారి బండి పక్కకు ఆపి, పైకెక్కి, పదకొండు డ్రమ్ములూ తిప్పి, దిగి, మళ్లీ నడిపాడు. రెండున్నర గంటల దారి అయిదు గంటలు పట్టింది. చెక్‌పోస్టు దగ్గర డ్రమ్ముల్లో ఏముందని అడిగితే, పాపం నీ మాటలే వల్లిస్తూ వస్తున్నాడేమో, జీవాలు అన్నాడట. పశువుల రవాణా కాగితాలు చూపించమన్నారు. బాబాయి మూత తీశాడు. కాగితాలు అక్కర్లేదన్నారు. గేటు కూడా వాళ్లే పరిగెత్తుకెళ్లి ఎత్తారు.

తోడు పెట్టాం. ఊళ్లో సగం మంది గట్టు మీద నిలబడి చూశారు. పదకొండు డ్రమ్ముల గోధుమరంగు బురద కుంటలో పడుతుంటే అంత భక్తిగా నిలబడ్డ జనాన్ని నేనెప్పుడూ చూడలేదు.

మూడు రోజులుగా ఇంటింటికీ తిరుగుతున్నాను. ఉపన్యాసం లేదు, వణుకు లేదు. మీరు మంచి చేద్దామని చేశారు, ఏది చెయ్యకూడదో నేను చెప్పలేదు, తప్పు నాది. ఇప్పుడు సీసాలు ఆపండి, నీళ్లు సగం చెయ్యండి అని చెబుతున్నాను. కట్టుడు పళ్లు ఎవరివో కూడా ఈ తిరుగుడులోనే తెలిసింది, పేరు చెప్పనని మాటిచ్చాను. కొందరు మారుమాట లేకుండా సరేనన్నారు. బడి వెనక ఇంటావిడ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇన్నాళ్లూ దొడ్డి కడగకపోతే బద్ధకం అన్నారు, ఇప్పుడు కడిగితే హత్య అంటావా?" అంది. హత్యేనన్నాను. ఆవిడ వాళ్లాయన్ని పిలిచి, ఇకనుంచి రోజుకు ఒక్క బకెట్టు స్నానమే అని తీర్పు చెప్పింది. ఆయన నావైపు చూసిన చూపు వర్ణించను.

అధ్యక్షురాలికి బోరు నీళ్లు వద్దని చెప్పాను. ఎందుకని అడిగింది. నీ సంగతి చెప్పలేదు, అది నీది. గొట్టం నాలుగడుగులు మిగిలింది, ఆ నాలుగడుగులే భయపెట్టాయన్నాను. అర్థం కాలేదామెకు. అయినా తన కారు కడగడం ఆపేసింది. ఊళ్లో అందరికన్నా ముందు.

అధికారిణికి ఉత్తరం పధ్నాలుగో తేదీనే వెళ్లింది. నాలుగుసార్లు రాశాను. మొదటిసారి మూడు పేజీలు వచ్చింది, నాలుగోసారికి అరపేజీ.

తోటావిడ దగ్గరికి చివర్లో వెళ్లాను. అన్నీ చెప్పాను. పసుపెక్కిన మళ్లు చూపించింది, పీకేసి పక్కన కుప్ప పెట్టింది. పార తీసుకుని పక్క మడిలోకి వెళ్లిపోయింది. "సరేలే" కూడా అనలేదు.


పంపు గది
ఏప్రిల్ 2

పెద్దమ్మకు, ఆవిడ పన్నెండు మంది శిష్యులకు, ఆ హాస్టలు గేటు దగ్గర బల్లకు కూడా:

దిగింది! నిన్న పొద్దున ఏడున్నరకు జాడీ ముంచాను, ఎనిమిదికి బురద మూడో వంతుకు దిగి, పైన నీళ్లు ఎలా ఉన్నాయంటే జాడీ వెనక గోడ మీద నేను గీసిన గీతలు లెక్కపెట్టగలిగాను. నమ్మకం కుదరక ఇంకో జాడీ ముంచాను. అదీ దిగింది. అమ్మను పిలిచాను. అమ్మ చూసి, బాగానే ఉంది, ఈ జాడీ మన వంటింటిదేనా అని అడిగింది. అవునన్నాను. ఆ తర్వాత జరిగింది చరిత్రకు అనవసరం.

నురగ టీ రంగుకు తిరిగింది, పలచటి టీ. వాసన వాన మట్టిదే. ముక్కు మూసుకోవడం మానేసి నెలన్నర అయింది, నువ్వు గమనించి ఉండవు.

ఖాళీ గుంటలో కర్ర పాతి గీతలు పెట్టాను. రోజూ సాయంత్రం జనం వచ్చి ఆటలో స్కోరు అడిగినట్టు అడుగుతున్నారు. ఎవరింట్లోనైనా కుళాయి ఎక్కువసేపు పారితే పక్కింటివాళ్లు గోడ మీంచి దగ్గుతున్నారు. బాబాయి ప్రతి ఇంట్లో కారే కుళాయిలన్నీ ఊరికే బిగించాడు. ఇరవై మూడు రోజులు గడిచాయి. గట్టుకూ నీళ్లకూ మధ్య ఇంకా జానెడుంది. జానెడంటే, లెక్క ప్రకారం, ఏడు రోజులు.

అధికారిణికి కబురు పంపాను. శనివారం వస్తోంది. ఫలితం రావడానికి నాలుగు రోజులు. కూడి చూడు, ఎంత మిగులుతుందో. నేను కూడి కూడి కాగితం చిరిగింది.


హాస్టలు
ఏప్రిల్ 4

నాన్నా,

ఒక్క రోజు మిగులుతుంది. వాన పడకపోతే. పడదు. ఆకాశం చూసే రాస్తున్నాను, ఇక్కడ కూడా అదే ఆకాశం.

జాడీ నీళ్లు అంత తేటగా ఉన్నాయంటే నెగ్గుతావు. ధైర్యం చెప్పడానికి అనడం లేదు, లెక్క అది.

నీకొకటి చెప్పలేదు. నన్ను ఇక్కడే ఉండిపొమ్మని ఫిబ్రవరిలోనే అడిగారు. ఆలోచిస్తానన్నాను. నిన్న సరేనని సంతకం పెట్టాను. ఫలితం వచ్చేదాకా ఆగి పెడితే, నేను నమ్మింది ఆ కాగితాన్ని అవుతుంది, నిన్ను కాదు. అందుకని నిన్ననే పెట్టాను. కుంటలు నీవి. నీకు అక్కర్లేకపోతే ఇంకొకర్ని వెతుక్కోమను, కానీ అక్కర్లేదని నువ్వే నోరు తెరిచి చెప్పాలి.

తోటావిడకు ఉత్తరం రాశాను. ఆరు వాక్యాలు. వారం పట్టింది.

వంటింటి జాడీ కడిగి మీ అమ్మకు ఇవ్వకు. కొత్తది కొనివ్వు.

పెద్దమ్మ


పంపు గది
ఏప్రిల్ 11

పెద్దమ్మా,

శనివారం అధికారిణి వచ్చింది. పొట్టిగా, కళ్లజోడు, మోకాళ్ల దాకా బూట్లు. మొదట తూము గది చూడలేదు. నా అరపేజీ సంచీలోంచి తీసి, నిలబడే మళ్లీ చదువుకుంది.

"ఇది నువ్వే రాశావా?"

"నేనేనండి."

"పదిహేడేళ్లలో ఇలాంటి కాగితం నాకు ఇది రెండోది," అంది. మొదటిది ఎవరిదని అడగాలనుకున్నాను, ఆవిడ అప్పటికే సీసాల మూతలు విప్పుతోంది. ఆరు సీసాలు ముంచుకుంది, మొదటి కుంటలో, రెండో కుంటలో, మడి చివర, అన్నిచోట్లా. తూము గదిలో మాత్రమే ముంచుకుని పోతుందనుకున్నవాళ్లం ఇద్దరం ఉన్నాం, నేనూ అధ్యక్షురాలూ. మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆది, సోమ, మంగళ. గుంట గట్టుకు బెత్తెడు. మంగళవారం సాయంత్రం మబ్బు పట్టింది. నువ్వు చూసిన ఆకాశం, నాకు పంపిన ఆకాశం ఒకటి కాదు. ఊరు ఊరంతా కుళాయిలు కట్టేసి గట్టు మీదికి వచ్చింది. బాబాయి ఇసక బస్తాలు తెచ్చి గట్టు చుట్టూ పేర్చడం మొదలుపెట్టాడు, ఎవరూ చెప్పకుండానే పదిమంది చెయ్యి వేశారు. నాలుగు చినుకులు పడ్డాయి. బడి వెనక ఇంటావిడ గొడుగు తెచ్చి గుంట మీద పట్టింది. అంత పెద్ద గుంటకు ఆ గొడుగు. ఎవరూ నవ్వలేదు. నేను కూడా. తర్వాత మబ్బు ఎటో పోయింది.

బుధవారం పదకొండింటికి కాగితం వచ్చింది. నెగ్గాం. అన్నిటిలోనూ హాయిగా, ఒక్కదాంట్లో మాత్రం గీత మీద నిలబడి. అనుమతి అయిదేళ్లకు కాదు, రెండేళ్లకే ఇచ్చారు, మార్చిలో జరిగినదానికి. నా పేరు కూడా రాశారు, తాత్కాలిక అనే మాట లేకుండా. నాకు అక్కర్లేదని చెప్పడానికి నోరు తెరిచి చూశాను. రాలేదు. ఉంటాను.

పన్నెండు గంటలకు తూము తిప్పబోయాను. తుప్పు పట్టి కదల్లేదు, బాబాయి వచ్చి చెయ్యి వేశాడు. నీళ్లు వాగులోకి దూకాయి. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను కాగితం పట్టుకుని గట్టు వెంట తోట దాకా పరిగెత్తాను. ఆవిడ చదవలేదు. మడిచి ఇచ్చేసింది. వాగు ఒడ్డున కూర్చుని దోసిట్లో నీళ్లు తీసుకుని వాసన చూసింది. వేళ్ల మధ్య నలిపి చూసింది. పారబోసింది.

"రెండు రోజులు పారనీ," అంది. "అప్పుడు చూస్తాను."

నాకు కోపం రాలేదు పెద్దమ్మా. రెండు రోజులు పారాయి కదా, చచ్చినవి. ఇవీ రెండు రోజులు పారాలి.

గురువారం మూడుసార్లు వెళ్లి దూరం నుంచి చూశాను. ఆవిడ పాదు చేసుకుంటోంది, వాగు వైపు తిరగను కూడా లేదు. నిన్న శుక్రవారం పొద్దున్నే వెళ్లేసరికి కాలవ గండి కొట్టి ఉంది. నీళ్లు కొత్త మడిలోకి పోతున్నాయి, వేలెడు నారు మధ్యలోంచి మెల్లగా. నన్ను చూసి పార భుజాన పెట్టుకుంది. "మీ పెద్దమ్మ ఉత్తరం వచ్చింది," అంది. ఏం రాసిందని నేను అడగలేదు. "ఆ ఏడు విత్తనాలు మంచివేనని నాకప్పుడే తెలుసు," అని, తర్వాతి మడికి గండి కొట్టడానికి వెళ్లిపోయింది.

ఆఫీసు కాగితంలో నా ఉద్యోగం బుధవారం మొదలైనట్టు రాశారు. నేను మాత్రం శుక్రవారం నుంచి లెక్కపెట్టుకుంటున్నాను.

కుంటల కాపరి